నాలుగో గడిలో టిక్కు

బరానికోకి ఫారాలంటే ప్రాణం. ఎగతాళికి అంటున్న మాట కాదిది. పదహారేళ్ళు పరాయి దేశపు సరుకు ఓడల్లో పనిచేసి, మోకాలు విరగ్గొట్టుకుని ఇల్లు చేరిన మనిషికి చెట్టెక్కి కల్లు గీసే యోగం పోయింది, పడవ ఇసకలోకి లాగే సత్తువా పోయింది. మిగిలిందల్లా ఓడలో వంటబట్టిన ఇంగ్లీషు, గుండ్రటి చేతిరాత. ఆ రెండూ చూసి ద్వీపం కౌన్సిలు వాళ్ళు గుమాస్తా పని ఇచ్చారు. ఇచ్చిన రోజు నుంచీ మనిషి నడకే మారిపోయింది. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి నలుపు.

నిజం చెప్పాలంటే ఊరికి మేలే చేశాడు. ముసలివాళ్ళ పెన్షను దగ్గర్నుంచి కొబ్బరి కురిడీ ధర దాకా రాజధాని తరావా నుంచి ఏ కాగితం దిగినా అందరూ అతని ఇంటికే నడిచేవాళ్ళు. అతనికో సిద్ధాంతం ఉండేది. ఫారం ఏం అడిగిందో అది రాయడం పిచ్చివాళ్ళ పని, ఫారానికి ఏం కావాలో అది రాయడం తెలివైనవాళ్ళ పని అని. ఆ సిద్ధాంతంతోనే పదిమందికి పెన్షను తెప్పించాడు. ఆ సిద్ధాంతంతోనే కొంప ముంచాడు.

అతని ఇంటికి అవతల రెండు బ్రెడ్‌ఫ్రూట్ చెట్ల నీడలో నెయ్ తబేరా ఇల్లు. ఆడవాళ్ళ పేరు ముందు గౌరవంగా నెయ్ అంటాం. డెబ్భైనాలుగేళ్ళ మనిషి. భర్త ట్యూనా చేపలకని పడవలో వెళ్ళి తిరిగి రాలేదు. కడుపున పిల్లల్లేరు. పెంచుకున్న అమ్మాయి పెళ్ళై వేరే ద్వీపానికి వెళ్ళి అక్కడే జ్వరంతో పోయింది. అంతమాత్రాన ఆవిడ దిక్కులేనిదని ఎవరైనా అంటే మా ఊళ్ళో పళ్ళు రాలగొడతారు. చుట్టూ ఐదిళ్ళు ఉన్నాయి. తెల్లవారితే ఒక ఇంటి నుంచి పులవని కల్లు, పొద్దెక్కితే ఒక ఇంటి నుంచి చేప, సాయంత్రం ఇంకో ఇంటి నుంచి అన్నమో బబాయి దుంపో. కప్పు మీద ఆకు చివికితే మగవాళ్ళు చెప్పకుండానే ఎక్కేవాళ్ళు. పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఆ ఐదిళ్ళలో మొదటిది బరానికోదే. వాళ్ళావిడ తెరేతియా తన పిల్లలకి వడ్డించే ముందు తబేరా గిన్నె నింపేది.

ఊరికే పడి తినే మనిషి కాదు తబేరా కూడా. ఆవిడ చాప అల్లితే నీళ్ళు పోసినా కిందికి దిగవని పేరు. ఎవరింట్లో పసిపిల్ల ఏడ్చినా ఆవిడ ఒడే ఉయ్యాల. పైగా నోరు. ఆవిడ దగ్గర కూర్చుంటే నవ్వి నవ్వి పొట్ట నొప్పి పుట్టేది. కాబట్టి ఎవరు ఎవరిని పోషిస్తున్నారో మేమెప్పుడూ ఆలోచించలేదు. మా దగ్గర అడగడాన్ని బుబుతి అంటాం. అడిగినవాడికి లేదనడం మా వల్ల కాదు, అంతకంటే చావు నయం. అడగడానికి నీ గడపకి ఎవరూ రాలేదంటే, నువ్వు ఊళ్ళో ఉన్నా లేనట్టే లెక్క.

ఆ ఏడు పెద్ద పోటుకి సముద్రం రోడ్డు దాటి లోపలికొచ్చింది. బావులు ఉప్పెక్కాయి. అందరికంటే పల్లంలో ఉన్న తబేరా బావి నీళ్ళతో కూర వండితే ఉప్పు వెయ్యక్కర్లేదు. ఆ సమయంలోనే తరావాలో ఒక పథకం పెట్టారు. ఊరికి ఆరు వాననీళ్ళ ట్యాంకులు, వాటితో పాటే వాన పట్టడానికి కప్పు రేకులు. నలభై రెండిళ్ళలో ఎవరికి ఇవ్వాలో ఫారాలు నింపి పంపమన్నారు, మార్కులు వేసి తేలుస్తామన్నారు.

ఫారంలో ఏడో ప్రశ్న: ఈ మనిషికి తిండి ఎవరు చూస్తారు? కింద నాలుగు గళ్ళు. కన్నబిడ్డలు, ఇరుగుపొరుగు, చర్చి, ఎవరూ లేరు. నాలుగో గడికి అన్నిటికంటే ఎక్కువ మార్కులని బరానికోకి చూడగానే అర్థమైంది. రెండో గడిలో టిక్కు పెడితే ట్యాంకు పోయినట్టే. పొద్దున్నే ఆవిడ ఉప్పునీళ్ళతో నోరు పుక్కిలించి ఉమ్ముతుంటే చూశాడు. ఇంకేం ఆలోచించలేదు. నీలం పెన్ను తీసి నాలుగో గడిలో టిక్కు కొట్టాడు. ఆవిడ బొటనవేలి ముద్ర కోసం వెళ్ళినప్పుడు "ట్యాంకు కోసం, పిన్నీ" అన్నాడు గానీ అందులో ఏముందో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. అతని మీద అంత నమ్మకం.

తరావా వెళ్ళిన కాగితం తరావాలోనే నిద్రపోతుందని అతని ధీమా. పదేళ్ళ అనుభవం అదే చెప్పింది.

ఓడలో ట్యాంకులు దిగాయి. వాటితో పాటు ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ దిగింది. కొత్త పద్ధతి అట. ఎవరికి ఎందుకు ఇస్తున్నారో అందరి ముందూ చదివి వినిపిస్తే తర్వాత గొడవలుండవట. ఊరు ఊరంతా చావడిలో చేరింది, ఎవరి వంశం చోటు దగ్గర వాళ్ళు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఆ పిల్ల మంచిదే, మా భాషలోనే స్పష్టంగా చదివింది. మూడో పేరు నెయ్ తబేరా. కారణం: "వయసు మళ్ళిన ఒంటరి స్త్రీ. తిండి చూసేవాళ్ళు ఎవరూ లేరు."

చావడిలో విసనకర్రలు ఆగిపోయాయి. తెరేతియా ముఖం ఎవరో చెంప మీద కొట్టినట్టు ఎర్రబడింది. మిగతా నాలుగిళ్ళ ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. పదకొండేళ్ళు పెట్టిన అన్నం, పరాయి ఊరి పిల్ల నోటి మీదుగా, నలుగురిలో, లేదని తేలిపోయింది.

పెద్దాయన తెరాకా నిదానంగా అడిగాడు. "ఈ మాట ఎవరు చెప్పారమ్మా?"

ఆఫీసరమ్మ కాగితం తిప్పి చూసి, కింద ఆవిడ వేలిముద్రే ఉందని చెప్పింది.

బరానికో లేవాలి. లేచి ఒక్క ముక్క అంటే సరిపోయేది. లేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. అబద్ధం రాసిన గుమాస్తాని తరావా ఊరికే వదలదు. ఉద్యోగం పోతుంది, అంతకు ముందు నింపిన ఫారాలన్నీ తవ్వుతారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. తల ఎత్తితే ఎదురుగా తబేరా. ఆవిడ ఎవరి వంకా చూడట్లేదు, అతన్నే చూస్తోంది. ఒక్క క్షణం చూసి విషయం గ్రహించేసింది.

"నేనే చెప్పాను," అంది వెనక వరసలోంచి. "ముసలి నోరు. నీళ్ళ మీద ఆశ కొద్దీ అన్నాను."

చావడిలో అన్న మాట మా దగ్గర రాయి మీద గీత. ఎవరూ ఇంకేం అడగలేదు. ఆఫీసరమ్మకి ఏం జరిగిందో అంతుపట్టలేదు, నవ్వుతూ నాలుగో పేరు చదివింది. బరానికోకి తల కొట్టేసినట్టయింది. కానీ కొట్టేసిన తలతోనే ఇంటికి నడిచి వెళ్ళాడు, కూర్చున్నాడు, తెరేతియా పెట్టిన అన్నం తిన్నాడు. సిగ్గుకి ఆకలి తగ్గుతుందంటారు గానీ, ఏమో, అతనికైతే తగ్గలేదు.

మూడు వారాలకి వానలు పట్టాయి. తబేరా ట్యాంకు నిండి పైనుంచి పొర్లింది. మిగతా ఐదు ట్యాంకుల వాళ్ళ దగ్గరికి జనం బకెట్లతో వెళ్తున్నారు, వస్తున్నారు. తబేరా గడపకి మాత్రం ఒక్కరు లేరు. ఆ ఐదిళ్ళ వాళ్ళూ ఆవిడ వాకిలి దాటుకుని ఊరి చివరి దాకా నడిచి నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు. మోకాలి మనిషి బరానికో కూడా.

తిండి ఆపారా అంటే ఆపలేదు. ఆపితే కాగితంలో రాసిందే నిజమైపోదూ! పంతం కొద్దీ రెట్టింపు పంపారు. ఒక పూట మూడు చేపలు, ఒక పూట కుండెడు అన్నం. పెట్టేటప్పుడు గొంతు పెంచి మరీ "ఇదిగో, మా ఇంటిది, లెక్క రాయించుకో" అనేవాళ్ళు. పెట్టి వెనక్కి తిరిగేవాళ్ళు. కూర్చున్నవాళ్ళు లేరు, పసిపిల్లని ఒళ్ళో వేసినవాళ్ళు లేరు. ముసలావిడ తినగా మిగిలింది కోళ్ళకి వేసేది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి అని తెరేతియా రోజూ వంట దగ్గర తిడుతూనే ఉండేది. బరానికో పక్కనే ఉండి విన్నాడు. ఒకటి రెండుసార్లు, సిగ్గు లేకపోతే సరి, అవునన్నట్టు తల కూడా ఊపాడు.

ఎనిమిది వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కౌన్సిలు ఆఫీసు నుంచి వస్తుంటే తబేరా ట్యాంకు పక్కన నిలబడి కనిపించింది. కుళాయి తిప్పి చెంబులో నీళ్ళు పట్టి, చెట్టు మొదట్లో పోస్తోంది. మళ్ళీ పట్టి, మళ్ళీ పోస్తోంది. నిలవ నీళ్ళు పాడవుతాయని కాబోలు. మంచినీళ్ళు నేల పాలవుతుంటే ఆ ద్వీపంలో పుట్టినవాడెవడూ చూడలేడు.  బరానికో ఇంట్లోకి వెళ్ళి ఖాళీ బకెట్ పట్టుకుని ఆవిడ వాకిట్లోకి వచ్చాడు.  ఓడలో ముగ్గురు కెప్టెన్లతో వాదించిన మనిషి, ముసలావిడ ముందు బకెట్ కాడ నలుపుతూ నిలబడ్డాడు.

"బకెట్ చూపించడానికొచ్చావా?" అంది ఆవిడ.

"నీళ్ళు కావాలి, పిన్నీ." తర్వాతి మాట ఇంకా కష్టమైంది. "అది నేనే రాశాను. ట్యాంకు వస్తుందని రాశాను. ఆ రోజు లేవలేకపోయాను."

ఆవిడ బకెట్ అందుకుని కుళాయి కింద పెట్టింది.  అతను తన ఉద్యోగం కాపాడినందుకు ఏదో అనబోతే చేత్తో ఆపింది. ఉద్యోగం కోసం కాదట. అతని తల్లి చనిపోతూ తన చేతిలో పెట్టిన పిల్లాణ్ణి చావడిలో అందరూ దొంగని చూసినట్టు చూసేదాకా తను ఆగలేకపోయిందట, అంతే. "నన్నొక్క మాట అడిగి ఉంటే వద్దనేదాన్ని కదా నాయనా," అంది. "ఉప్పునీళ్ళకేం, అలవాటు పడేదాన్ని."

తర్వాత బకెట్ అతని వైపు నెట్టింది. "ఇది మీ ఇంటికి కాదు. ముందు ఆ నాలుగిళ్ళకీ ఇవ్వు. ఎవరు పంపారని అడిగితే నా పేరు చెప్పు. ఎందుకని అడిగితే నీ పేరు చెప్పుకో."

పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, కుంటుకుంటూ బకెట్ మోశాడు. ఒక్కో ఇంటికి ఒక్కో బకెట్. ఒక్కో గడప దగ్గర నిలబడి అదే మాట చెప్పాడు. మొదటింటి ముసలాయన చెంప పగలగొడతాడేమో అనుకున్నాడు, ఆయన ఉమ్మేసి లోపలికి పోయాడు. రెండో ఇంట్లో నవ్వారు, ఆ నవ్వు దెబ్బ కంటే పైన. మూడో ఇంటావిడ నీళ్ళు కుండలో వంపుకుని, చేత్తో కళ్ళు తుడుచుకుని, పసిపిల్లని చంకనేసుకుని తబేరా ఇంటి వైపు పరుగు లాంటి నడక నడిచింది. నాలుగో ఇంట్లో తెరాకా మనవడే ఉన్నాడు. సాయంత్రానికి విషయం పెద్దల దగ్గరికి చేరుతుందని బరానికోకి తెలుసు. తరావాకి కూడా చేరుతుంది. చేరనీ అనుకున్నాడు, అంత దూరం ఆలోచించే ఓపిక అప్పటికే పోయింది.

ఆఖరి బకెట్ సొంత ఇంటిది. తెరేతియా బబాయి దుంప చెక్కు తీస్తూ కూర్చుంది. అప్పటికే చెవిన పడిందేమోనని ముఖం చూశాడు. పడలేదు.

"ఎవరివి ఆ నీళ్ళు?" అంది.

చెప్పాడు. అన్నీ చెప్పాడు. ఫారం, నాలుగో గడి, చావడిలో లేవకపోవడం, పిన్ని తన మీద వేసుకోవడం. చెప్పే కొద్దీ ఆవిడ చేతిలో కత్తి నెమ్మదించి, ఆగింది. బరానికో బకెట్ కింద పెట్టి తిట్ల కోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది.

"ఈ ఎనిమిది వారాలూ నేను ఆవిణ్ణి తిడుతుంటే," అంది తెరేతియా, గొంతు ఎత్తకుండా, "నువ్వు నా పక్కన కూర్చుని అన్నం కలుపుకున్నావు."

 ఏ గడిలోనూ టిక్కు పెట్టడానికి వీల్లేని ప్రశ్న అది.

ఆవిడ లేచి చేతులు కడుక్కుంది, తబేరా పంపిన నీళ్ళతోనే. పొయ్యి మీది అన్నం కుండ, చేపలు, పిల్లలకని పక్కన పెట్టిన దుంపలు అన్నీ బుట్టలో పెట్టుకుని, పిల్లల్ని కేకేసి, బ్రెడ్‌ఫ్రూట్ చెట్ల కిందుగా అవతలింటికి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్కణ్ణుంచి ఆడవాళ్ళ ఏడుపూ, ఆ తర్వాత తబేరా ఏదో అంటే ఒక్కసారిగా నవ్వూ వినిపించాయి. ఏమందో ఇంత దూరానికి తెలియలేదు. బరానికో గడప మీద కూర్చుని విన్నాడు. అక్కడికి వెళ్ళమని అతనికి ఎవరూ చెప్పలేదు, వెళ్ళొచ్చా అని అడగడానికి అతనికి ముఖం చెల్లలేదు.