బాయిలర్‌కి దిష్టి

బక్కయ్య బక్కగా ఉండడు. ఏం చూసి ఆ పేరు పెట్టారో గానీ, ఇప్పుడు యాభై మూడేళ్ల వయసులో అతను టీవీఎస్ ఎక్సెల్ మీద కూర్చుంటే వెనక భార్య యమునకు మిగిలేది సీటు కాదు, సీటు అంచు. రోజూ తెల్లవారుతూనే మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ బండి మీద అలియాబాద్ నుంచి అత్వెల్లికి వస్తారు. అక్కడ హైవే పక్కన ఒక పెద్ద రేకుల షెడ్డులో వంటశాల ఉంది. చుట్టుపక్కల పన్నెండు హాస్టళ్లకు పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, సాంబారు అక్కడినుంచే వ్యాన్లలో వెళ్తాయి. అన్నీ ఆవిరి మీదే ఉడుకుతాయి. ఆ ఆవిరి పుట్టేది షెడ్డు వెనక గదిలోని బాయిలర్‌లో. ఆ గది బక్కయ్యది.

బక్కయ్యదని కాగితాల్లో ఎక్కడా లేదు. పదహారేళ్లుగా అందులో ఒక ఇనప స్టూలు వేసుకుని కూర్చున్నాడు కాబట్టి అతనిది. బాయిలర్ పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అందులో కనిపిస్తుంది. నీళ్లు కింది గీతకు దిగితే పంపు వెయ్యాలి, పై గీతకు రాగానే ఆపాలి. ఆపడం మరిచిపోతే ఆవిరితో పాటు నీళ్లు కూడా పైపుల్లో పడి వంట చెడుతుంది. వెయ్యడం మరిచిపోతే బాయిలర్ ఎండిపోయి, వంటతో పాటు వంటవాళ్లు కూడా మిగలరు. ఇన్నేళ్లలో అంతదాకా ఎప్పుడూ రాలేదు. బక్కయ్య ఉన్నాడు కాబట్టి రాలేదు. ఈ మాట అతనే చెప్తాడు, ఎవరూ అడక్కపోయినా చెప్తాడు.

అలా చూపు నిలపడం అతనికి చిన్నప్పుడే అబ్బింది. నాయిన వెంట శామీర్‌పేట చెరువుకు పోయి, గాలం వేసి, నీళ్ల మీద బెండు మునిగేదాకా రెప్ప వాల్చకుండా కూర్చునేవాడు. చేపలు పట్టడం అంతగా రాలేదు గానీ కూర్చోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

"ఆ గాజు గొట్టాన్ని సూసినట్టు నన్నెప్పుడన్న సూసినవా?" అని యమున వారానికొకసారైనా దెప్పుతుంది.

ఆమె ముందు హాల్లో కూరగాయల దగ్గర మేస్త్రి. పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఆమె కనుసన్నల్లో ఉల్లిగడ్డలు తరుగుతారు. ఆ హాల్లో ఎవరైనా ఆమెకు ఎదురు చెప్పగా చూసినవాళ్లు లేరు.

ఇక వంటశాల యజమాని యజ్ఞనారాయణ. తెనాలి నుంచి వచ్చి కొంపల్లిలో విల్లా కొనుక్కున్న మనిషి. మంచివాడే గానీ, కొత్త మిషన్ కనిపిస్తే కొని తగిలించకుండా ఉండలేడు. చపాతీల మిషన్ తెస్తే అది చపాతీలను జిల్లాల పటాల్లా వత్తింది. ఉల్లిపొట్టు తీసే మిషన్ తెస్తే అది పొట్టు ఉంచి ఉల్లిగడ్డ పారేసింది. మొన్న ఎండాకాలం బాయిలర్‌కు ఆటోమేటిక్ తెచ్చాడు.

చూడ్డానికి అది లైట్లు మెరిసే ఒక ఆకుపచ్చ పెట్టె. దాని తీగలు పోయి, బాయిలర్ లోపలికి దిగిన పొడుగూ పొట్టీ మూడు కడ్డీలను తగులుకుంటాయి. నీళ్లు ఆ కడ్డీలను తాకితే నీళ్లగుండా సన్నగా కరెంటు పారుతుంది. అప్పుడు పెట్టెకు నీళ్లున్నాయని తెలిసి పంపు ఆపేస్తుంది. నీళ్లు దిగితే కరెంటు తెగి పంపు తనంతట తనే మొదలవుతుంది. మరీ అడుగంటితే మంట ఆర్పేసి హూటర్ మోగిస్తుంది. దాన్ని బిగించడానికి వచ్చినవాళ్లు బక్కయ్య పదహారేళ్లు నొక్కిన పాత స్విచ్చును పీకి తుక్కులో వేసి వెళ్లారు.

"ఇంక నువ్వు ఆ గొట్టంకేసి చూస్తూ కూచోనక్కర్లేదయ్యా బక్కయ్యా," అన్నాడు యజ్ఞనారాయణ సంబరంగా. "ఒక నెల చూస్తాను. సరిగ్గా పనిచేస్తే ఇక్కడికి సోమయ్య చాలు. జనరేటరూ ఇదీ కలిపి చూసుకుంటాడు, అతనికీ బాయిలర్ సర్టిఫికెట్ ఉందిగా. నువ్వు ముందు హాల్లోకి వచ్చెయ్."

"ముందు హాల్ల నాకేం పని సార్?"

"ఉల్లిపాయలు. ఎలా తరగాలో యమున చెప్తుందిలే."

ఈ కబురు బక్కయ్య కంటే ముందే హాలుకు చేరింది. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. యమున మాత్రం ఒక కత్తిపీట శుభ్రంగా కడిగి తన పక్కనే వేసి పెట్టింది.

ఆటోమేటిక్ మొదటి పది రోజులు ఎంత బాగా పనిచేసిందంటే బక్కయ్యకు అన్నం సయించలేదు. అలవాటుకొద్దీ అతను చెయ్యి చాపేలోపే పంపు మొదలయ్యేది. ఇంటి దగ్గరైతే యమునే పెద్దదిక్కు, అక్కడ ఎలాగూ నోరు మెదపడు. పనిలో కూడా ఆమె కిందే అంటే మనిషికి ఊపిరి ఎక్కడ ఆడుతుంది? పగలంతా తనకంటూ ఉన్నది ఆ స్టూలొక్కటే. అది కూడా పోతోందని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

పదకొండో రోజు బాయిలర్‌ను ఏడాదికోసారి చేసే శుభ్రానికి విప్పారు. లోపల బోరునీళ్ల సున్నం వేలెడు మందాన పేరుకుని ఉంది. యజ్ఞనారాయణ చూసి లబలబలాడాడు. "ఇంత మంచి మిషన్ పెట్టి ఈ దిక్కుమాలిన నీళ్లా పోసేది? మనం తాగే ఆర్ఓ నీళ్లే దానికీ ఇవ్వండి!" అని, ఆర్ఓ ప్లాంటు నుంచి బాయిలర్ పంపు నీళ్లు తోడుకునే ట్యాంకుకు పైపు వేయించాడు.

మర్నాడు పొద్దున మంట వెలిగించగానే హూటర్ గొల్లుమంది. నీళ్లు లేవంటూ పెట్టె మంట ఆర్పేసింది. పంపేమో ఆగదు. గాజు గొట్టం చూస్తే నీళ్లు పై గీత దాటి పోతున్నాయి. గొంతుదాకా తాగి కూడా దాహం దాహం అని అరిచే మిషన్‌ను బక్కయ్య అదే మొదటిసారి చూడటం. అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదిలి, మళ్లీ వెలిగించాడు. మళ్లీ అదే గోల. ఆ రోజు ఇడ్లీలు చెంచాతో తాగడానికి వీలుగా వచ్చాయి.

మొదటి రోజు బక్కయ్య లోలోపల మస్తు ఖుషీ అయ్యాడు. రెండో రోజు ఖుషీని బయటికి కనిపించనిచ్చాడు, అదీ అతను చేసిన పొరపాటు. మూడో రోజు పన్నెండు హాస్టళ్ల నుంచీ ఫోన్లు వచ్చాక యజ్ఞనారాయణ బాయిలర్ గదిలోకి వచ్చి తలుపు దగ్గరేశాడు. మిషన్ కంపెనీ ఇంజనీరు వేరే ఊళ్లో ఉందట, మూడు వారాలకు గానీ రాదట.

"పది రోజులు గడియారంలా పనిచేసిందయ్యా. అది పాడైతే ఎవరికి లాభం, నువ్వే చెప్పు?"

"నేను దాన్ని ముట్టనన్న ముట్టలే సార్! నా మీద అనుమానమా?"

"రేపు ఇడ్లీలు ఇడ్లీల్లా రావాలి. రాకపోతే నువ్వు ఉల్లిపాయల్లోకి కూడా రావద్దు. ఇంటికెళ్లిపో."

బక్కయ్య పరేషాన్ అయిపోయాడు. మిషన్ చెడితే దొంగ అవుతాడు, బాగుపడితే ఉల్లిగడ్డలు తరుగుతాడు. తన ఉద్యోగం తినడానికి వచ్చినదాన్ని తనే బతికించుకోవాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం యమున వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని పెట్టెను ఎగాదిగా చూసింది. "కొత్తది. లైట్లు మెరుస్తున్నయి. ఊరంత ఒచ్చి సూసి పోయిన్రు. దిష్టి తగలకుంటె ఏం జేస్తది?" అని, వంటింట్లోంచి పిడికెడు దొడ్డుప్పు తెచ్చి పెట్టె చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అన్నిటికన్న పెద్దది మా ఆయన దిష్టి, అన్నీ పోవాలె." దిష్టి తీసిన ఉప్పు నీళ్లలో కరగాలి కదా. దగ్గర్లో ఉన్న నీళ్లు బాయిలర్ ట్యాంకులోవే. బక్కయ్య "ఏయ్, ఏయ్" అనేలోపే అందులో పడేసింది.

మర్నాడు హూటర్ మోగలేదు. పంపు వేళకు మొదలై వేళకు ఆగింది. ఇడ్లీలు మల్లెల్లా వచ్చాయి. ఆ మరుసటి రోజు మళ్లీ హూటర్. మళ్లీ దిష్టి, మళ్లీ ఇడ్లీలు.

బక్కయ్య లావుపాటి మనిషే గానీ బుర్ర మందం కాదు. ఒక రోజు ఉత్త చేయి తిప్పి చూశాడు, పని కాలేదు. ఇంకో రోజు ఏమీ తిప్పకుండా ఉప్పు మాత్రం వేశాడు, పనైంది. ఎందుకో తెలియదు గానీ దీనికి కావాల్సింది ఉప్పని తెలిసిపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. ముఖ్యంగా యమునకు.

ఆదివారం సోమయ్య డ్యూటీ. "అన్నా, దిష్టి ఎట్ల తియ్యాలె?" అని అడిగితే బక్కయ్య నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, దీపం, అన్నీ శ్రద్ధగా చెప్పాడు. ఉప్పు తప్ప. సోమవారం పొద్దున వచ్చేసరికి సోమయ్య ముఖం వేలాడేసుకుని ఉన్నాడు, యజ్ఞనారాయణ చెప్పులు బయట విప్పి నిలబడి ఉన్నాడు.

"నాకిలాంటివాటి మీద నమ్మకం లేదు బక్కయ్యా. కానీ రోజూ నువ్వే తీసెయ్యి."

"అందరి చెయ్యితోని కాదు సార్. మంత్రం గూడ ఉంటది."

మంత్రం మాత్రం లేకుండా ఎలా ఉంటుంది? శామీర్‌పేట, తూంకుంట, హకీంపేట, అల్వాల్, లోతుకుంట. బస్సు స్టాపులన్నీ పెదవులు కదిలీ కదలకుండా గబగబా గొణిగేవాడు. యజ్ఞనారాయణ వచ్చేది కొంపల్లి దారి కాబట్టి గుర్తుపట్టే ప్రమాదం లేదు. ఆయన చేతులు జోడించి కళ్లు మూసుకునేవాడు. చూస్తానన్న నెల దాటినా ఉల్లిపాయల మాట మళ్లీ ఎత్తలేదు. హాల్లో కడిగిపెట్టిన కత్తిపీట అలాగే ఉండిపోయింది.

చెప్పినట్టే మూడు వారాలకు కంపెనీ ఇంజనీరు వచ్చింది. పేరు సాయిప్రియ. ఆర్ఓ పైపు చూసి, పెట్టె చూసి, "ఈ నీళ్లతో ఇది పనిచెయ్యకూడదే!" అని విడ్డూరపోయింది. పెన్నులాంటి మీటరు తీసి ట్యాంకులో ముంచింది. అందులో అంకె చూసి, గదంతా కలయజూసి, స్టూలు వెనక ఉన్న ఉప్పు సంచి దగ్గర ఆగింది.

"రోజుకెంత వేస్తున్నారు బక్కయ్య గారూ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, గారు అనేసరికి బయటికి రాలేదు. "పిడికెడు మేడం."

ఆవిడ నవ్వి అసలు సంగతి చెప్పింది. నీళ్లు మరీ స్వచ్ఛంగా ఉంటే వాటిలో కరెంటు సరిగ్గా పారదు. కడ్డీలు నీళ్లలో మునిగి ఉన్నా పెట్టెకు తెలియదు. బోరునీళ్లలో లవణాలున్నాయి కాబట్టి మొదట్లో తెలిసేది. ఇప్పుడా పని ఉప్పు చేస్తోంది. బక్కయ్య ఛాతీ ఉబ్బింది. ఇంజనీర్లకు తెలిసింది తనకూ తెలిసిందన్నమాట.

అప్పుడావిడ గాజు గొట్టం కింది వాల్వు కొంచెం తిప్పింది. ఎర్రటి తుప్పునీళ్లు వచ్చాయి.

"ఉప్పు ఇనుమును తినేస్తుందండీ. వేడికి ఇంకా తొందరగా తింటుంది. ఇంకొన్నాళ్లు ఇలాగే వేస్తే లోపల ట్యూబులు చిల్లులు పడతాయి."

బక్కయ్య ఆ ఎర్రనీళ్ల వంక చూశాడు. పదహారేళ్లు ఒక్కపూట కూడా ఎండనివ్వలేదు దాన్ని. చివరికి తన స్టూలు కోసం తన చేత్తోనే రోజూ విషం పెట్టాడు. ఉల్లిగడ్డలు లేకుండానే కళ్లు మండాయి.

"నన్ను చెప్పమంటారా, మీరు చెప్తారా?" అంది సాయిప్రియ.

"నేనే జెప్త మేడం."

ముందు హాల్లో అందరూ ఉన్నారు. యజ్ఞనారాయణ కూడా ఉన్నాడు. బక్కయ్య నిలబడి మొత్తం చెప్పేశాడు. ఉప్పు సంగతి, సోమయ్యకు చెప్పని సంగతి, ఆఖరికి బస్సు స్టాపుల సంగతి కూడా. "ఆ బాయిలర్ పాడైతే పాపం నాదే సార్," అని పోయి, యమున పక్కన కడిగిపెట్టిన కత్తిపీట ముందు చతికిలపడి, ఒక ఉల్లిగడ్డ తీసుకున్నాడు. యజ్ఞనారాయణ ముఖం కందగడ్డలా అయింది. బస్సు స్టాపులకు రెండు వారాలు దండం పెట్టిన మనిషికి ముఖం ఎలా ఉంటుంది?

ముందుగా నవ్వింది యమున. ఆ తర్వాత ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు.

నవ్వులు తగ్గాక, వెనకే వచ్చిన సాయిప్రియ తన మాట చెప్పింది. ఇప్పుడున్న నీళ్లన్నీ వదిలెయ్యాలి. సున్నం తీసేసిన బోరునీళ్లు కొంచెం, ఆర్ఓ నీళ్లు కొంచెం కలిపి పోయాలి. వాన పడితే బోరునీళ్ల గుణం మారుతుంది, ఎండ ముదిరితే మారుతుంది. కాబట్టి మనిషన్నవాడు రోజూ మీటరు పెట్టి చూడాలి, పాళ్లు సరిచెయ్యాలి, అడుగు నీళ్లు వదలాలి. "ఆటోమేటిక్ ఉంది కదా అని ఎవరూ చూడకుండా వదిలేసేది కాదండీ ఇది," అంది.

యజ్ఞనారాయణ సోమయ్య వంక చూశాడు. సోమయ్య జనరేటర్ వంక చూశాడు.

"లేవయ్యా బక్కయ్యా. వెళ్లు నీ గదికి," అన్నాడు యజ్ఞనారాయణ. బక్కయ్య ఉల్లిగడ్డ వదిలి ఒక్క ఉదుటున లేచాడు. ఆయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించాడు. "కానీ ఆ దిష్టి మాత్రం ఆపకండి. ఉప్పు బయట బకెట్లో వేసెయ్యండి. నువ్వు తియ్యొద్దు, నీ మంత్రం తెలిసిపోయింది. యమున తీస్తుంది. ఆ కాసేపూ ఆవిడ చెప్పినట్టు విను."

ఇప్పుడు రోజూ పొద్దున ఏడింటికి, వ్యాన్లు కదిలాక, యమున పిడికిట్లో ఉప్పుతో బాయిలర్ గదిలోకి వస్తుంది. "లే, పక్కకు జరుగు" అంటుంది. బక్కయ్య లేచి పక్కకు జరుగుతాడు. "బకెట్ పట్టు" అంటుంది. పట్టుకుంటాడు. ఎవరి కింద పని తప్పించుకోవడానికి ఇంత కథ నడిపాడో, రోజూ పది నిమిషాలు ఆమె కిందే పనిచేస్తాడు.

దిష్టి అయ్యాక ఆమె స్టూలు మీద కాసేపు కూర్చుంటుంది. బక్కయ్య చూపు అలవాటుగా గాజు గొట్టం వైపు పోతుంది.

"నీళ్లు గీత కాడనే ఉన్నయి. అది ఆ పెట్టె సూసుకుంటది," అంటుంది యమున. "ఇగ నువ్వు ఇటు సూడు."

బక్కయ్య ఇటు చూస్తాడు.