నాలుక అద్దెకిచ్చిన రోజులు

మొన్న హైదరాబాద్‌లో ఒక కొరియన్ హోటల్‌కి వెళ్తే, కిమ్చీ అనే క్యాబేజీ పచ్చడి గిన్నె మూత తీయగానే పులిసిన వాసన గుప్పున కొట్టింది. ఆవకాయ జాడీకీ పులిసిన దోసెపిండికీ పుట్టిన పిల్లలాంటి వాసన! టేబుల్ చుట్టూ ఉన్న ఫ్రెండ్సందరూ ఫోన్లు పైకెత్తారు. ఫోన్ లేకుండా పక్క గదిలోకి కూడా వెళ్లని నేను మాత్రం కళ్లు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. "ఏంటే, ధ్యానమా?" అని నవ్వారు. ధ్యానం కాదు, నంద్యాలలో అంటుకున్న జబ్బు. అంటించింది షంషాద్ అక్క.

షంషాద్ అక్కకి నంద్యాలలో, ఇళ్లల్లో నేలకి పరిచే బేతంచెర్ల బండల షాపు ఉంది. చదువు అవగానే మా మేనమామ నన్ను అక్కడ ఉద్యోగంలో పెట్టించాడు. కస్టమర్లతో మాట్లాడటం నా పని. నేను మాట్లాడినదానికంటే పోట్లాడింది ఎక్కువ. అక్కకి యాభై దాటుంటాయి. తిండి అంటే ప్రాణం, అందులోనూ బయట తిండి. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ బండల లారీ వెనకే కారేసుకుని హుబ్లీ, సేలం వెళ్లి, లోడు దిగేలోపు ఆ ఊళ్లో కొత్తగా ఏం దొరికితే అది తినేవాళ్లట. నేను చేరడానికి కొన్నాళ్ల ముందు వచ్చిన జ్వరంలో ఆమెకి వాసన పోయింది. దాంతోపాటే రుచీ పోయింది. కారం మంట తెలుస్తుంది, ఉప్పు కాస్త తెలుస్తుంది, అంతే. వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడట డాక్టరు. "కాలో చెయ్యో ఇరిగుంటే జనం అయ్యో అంటారు. వాసన పోయిందంటే ఎవురంటారు పాపా?" అంది ఒకసారి. నవ్వుతూనే అంది కానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చేరిన కొత్తలోనే నన్ను బస్టాండు వెనక నేపాలీ దంపతులు పెట్టిన మోమోల బండికి తీసుకెళ్లింది. ప్లేటు రాగానే ఫోటో తీసి, కింద 'సూపర్' అని కొట్టి స్టేటస్ పెట్టేశాను. అక్క నా ఫోన్లోకి తొంగిచూసింది.

"సూపర్ అంటే ఏం రుచి? పులుపా, తీపా?"

"బాగుందక్కా."

"బాగుండేది నాకూ కనపడతాంది. నోట్లో ఏం జరుగుతాందో చెప్పు."

"పైన పిండి జారిపోతోంది. లోపల క్యాబేజీ తియ్యగా ఉంది. అల్లం వేశారు."

"అల్లం ముందే తగిలిందా, మింగినాకనా?"

నాకేం తెలుసు? ఇంకోటి తీసుకుని, ఈసారి నెమ్మదిగా తిన్నాను. "మింగాక. గొంతులోంచి వెనక్కొచ్చి ముక్కులో కూర్చుంది."

అక్క కళ్లు మూసుకుని తన మోమో నమిలింది. "కూర్చోనీలే," అంది, ఎవరో చుట్టం ఇంటికొచ్చినట్టు.

ఇక చూడాలి మా తిరుగుడు! కేరళవాళ్ల హోటల్లో కొబ్బరినూనెలో వేగిన చేప, బెంగాలీ మేస్త్రీలు వండుకునే చోట ఆవనూనె పులుసు, ఎక్కడ కొత్త పొయ్యి వెలిగినా మేమే ముందు. నా ఫోన్లో మ్యాపు, అక్క చేతిలో స్టీరింగు. ఆవనూనెకి మాట దొరక్క తల పట్టుకుని, చివరికి "తుమ్ము రాబోయి ఆగిపోయినట్టుంది" అంటే అక్క పగలబడి నవ్వింది. వగరు, ఘాటు, కమ్మదనం లాంటి మాటలన్నీ అమ్మమ్మ నోట విన్నవే. నా నోట్లో కూడా ఉంటాయని అప్పుడే తెలిసింది.

ఒకరోజు మందీ హోటల్లో మాత్రం నాకు తిక్క రేగింది. పొద్దున్నే ఒక కస్టమరుతో గొడవై, ఆకలితో నకనకలాడుతూ ఉన్నాను. అన్నం మీద మాంసం పరిచిన పెద్ద పళ్లెం వచ్చింది. చెయ్యి పెట్టానో లేదో, "ఏం తెలుస్తాంది?" అంది అక్క.

"నేనేమన్నా మీ నాలుకనా అక్కా? నన్ను తిననివ్వండి!"

పక్క టేబుళ్లవాళ్లు తిరిగి చూశారు. అక్క మాంసం ముక్క తుంచి నా వైపు జరిపింది. "నా నాలుక అయ్యుంటే ఇంత పొగరుండదులే. తిను ముందు."

కోపం దిగాక నేనే అడిగాను, ఇంట్లో తినే అన్నమే తినొచ్చు కదా, ఈ కొత్త తిళ్లెందుకని. అక్క పళ్లెంలో అన్నాన్ని ఒక పక్కకి జరిపింది.

"ఇంట్లో పలావు చేస్తే, ఎట్లుండాలో నాకు తెలుసు. అట్ల లేదని ప్రతి ముద్దకూ తెలుస్తాది. ఏడుపొస్తాది పాపా. ఇదైతే ఎప్పుడూ తిననిది. నువ్వు చెప్పిందే దాని రుచి."

ఆ తర్వాత నేను అడిగించుకోలేదు. పళ్లెం రాగానే నేనే మొదలుపెట్టేదాన్ని.

ఆళ్లగడ్డలో ఒక ఇంటికి బండల శాంపిళ్లు చూపించి వస్తూ, హైవే పక్కన రాజస్థానీ దాబాలో ఆగాం. బాటీ చెప్పాం. గోధుమపిండి ఉండల్ని పిడకల నిప్పులో కాల్చి, నేతిలో ముంచి పప్పుతో ఇస్తారు. నేను జోరుగా చెబుతున్నాను, పైన పెచ్చు ఎలా విరుగుతోందో, నెయ్యి లోపలికి ఎలా ఇంకిందో. అక్క వినడం లేదు. తల పక్కకి తిప్పింది.

"ఏందో మాడతాంది," అంది.

నాకు అంతే చాలు. గబుక్కున లేచాను. "ఏంటన్నా, మాడ్చి పెడతారా? చూసుకోరా?" దాబా ఆయన నిప్పుల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఒకటే మాడింది మేడమ్, అది మీకు పెట్టలేదు, పారేస్తా..."

"పారేయొద్దప్పా! ఈడికి తే!" అని అరిచింది అక్క. నల్లగా మాడిన ఆ ఉండని రెండు చేతుల్లో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "మాడు వాసన పాపా. నాకు వాసనొస్తాంది!" అక్క ఆయన వైపు తిరిగింది. "ఇంకోటి మాడ్చప్పా. బేగా!" నాకు బుర్ర తిరిగింది, ఆయనకి ఇంకా తిరిగింది. ఇన్నేళ్ల దాబాలో మాడింది కావాలని అడిగినవాళ్లు లేరట.

తిరుగు దారిలో అక్క అద్దాలన్నీ దింపేసింది. శిరివెళ్ల దగ్గర కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎర్రగా కనపడగానే అలవాటుగా నోరు తెరిచాను.

"గమ్మునుండు! నువ్వు చెప్పొద్దు, నేను చెప్తా." కారు పక్కకి ఆపి, తల బయటికి పెట్టి గట్టిగా పీల్చింది, దగ్గింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. కాసేపటికి, "ఇంకా లేదు," అంది. "మంటే తెలిసింది, వాసన రాలా. మాడు ఒకటే వచ్చింది. పర్లేదు. మొదులు అదన్నా వచ్చింది."

మిగతా వాసనలు తర్వాత ఒక్కొక్కటిగా, తోచినప్పుడు వచ్చాయి. కొన్ని ఇప్పటికీ రాలేదట. నేను హైదరాబాద్ వచ్చేశాను. కోపం తగ్గలేదు, ఫోన్ చెయ్యి వదల్లేదు. కానీ ఎప్పుడూ తిననిది నోట్లో పెట్టుకుంటే చాలు, ఆ రుచి అందని మనిషెవరో ఎదురుగా కూర్చుని, నమలడం ఆపి, నా నోటి వైపే చూస్తున్నట్టుంటుంది. ఆ మనిషికి ఇవ్వడానికి ఒక మాట దొరికేదాకా నేను మింగను.