పదకొండు ఒకట్లు

హనుమకొండ చౌరస్తా వెనక సందులో సారంగపాణి పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవాడు. పక్కనే నాది గడియారాల రిపేరు దుకాణం. 1971లో ఒకరోజు ఆయన దగ్గర రసీదులకు నంబర్లు కొట్టే మిషను ఒకటి అంకె మీద ఇరుక్కుపోయింది. చిత్తుకాగితం మీద పక్కపక్కనే పదకొండుసార్లు కొట్టి చూశాడు. 11111111111. మిషను నేనే బాగుచేశాను. ఆ కాగితం మాత్రం ఆయన పారేయలేదు.

"ఇది దేనితోటన్న శేషం లేకుండ పోతదా అన్నా, దేనితోటి పోని అంకెనా?" అని అడిగాడు. నాకేం తెలుసు?

దాని వర్గమూలం దాకా, అంటే లక్షా అయిదువేల చిల్లర దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగిస్తే తేలిపోతుంది. అవి పదివేలకు పైనే. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి ఏడాదిపాటు ఆ జాబితా తయారుచేశాడు. తర్వాత లావు పుస్తకాలు కుట్టి, రోజుకో పేజీ, పేజీకి భాగించి చూడాల్సిన ఐదు సంఖ్యలు, తారీఖులతో సహా ముందే రాసిపెట్టుకున్నాడు.

"గీ లెక్క ఎన్నడు ఒడుస్తది?" అనేది భార్య చిలుకమ్మ.

"ఒడిసిననాడు ముందుగాల నీకే చెప్త."

ఆ ఒక్క మాట కోసమే లెక్క చేసేవాడేమో అనిపించేది నాకు.

1974 ఎండాకాలంలో చిలుకమ్మ వడదెబ్బతో పోయింది. మైల పదకొండు రోజులు ఆయన పుస్తకం ముట్టలేదు. పన్నెండో రోజు కూర్చుని, ఆ పదకొండు పేజీలను కలిపి దారంతో కుట్టేసి, ఆనాటి తారీఖు నుంచి మొదలుపెట్టాడు. అదేందని అడిగితే, "పదివేలల్ల యాభై ఐదే గదా, తర్వాత జూస్త" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఇప్పటికీ నా మీద నాకే కోపం.

1978లో ఆఖరి పేజీ అయిపోయింది. ఏ సంఖ్యతోనూ పోలేదు. కాలేజీలో లెక్కల లెక్చరర్ వీరభద్రానికి చూపించాడు. ఆయన మంచివాడే, నవ్వలేదు. వారం తర్వాత చీటీ రాసి పంపాడు: 21649 × 513239. ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలే సంఖ్యలు తప్ప వేరేవి దీన్ని భాగించలేవట, వాటినే చూసుంటే సరిపోయేదట. అంటే పదింట తొమ్మిది వంతుల కష్టం వృథా.

సారంగపాణి చీటీ పక్కన పెట్టి, కత్తితో ఆ కుట్టు విప్పాడు. మూడో పేజీలో, పైనుంచి నాలుగోది, తన చేతిరాతే. 21649. అక్కడే కూర్చుని భాగించాడు. శేషం సున్నా.

"ఆమె పోయిన మూడోనాడు," అన్నాడు. "గా పొద్దే ఒడిసిపోతుండె."

ఆ పేజీలను మళ్లీ కుట్టలేదు. తర్వాత పదేళ్లు బతికాడు, ఇంకొకళ్ల లెక్కల పుస్తకాలకు అట్టలు వేస్తూ. 1988లో ఆఖరుసారి చూడబోతే, మంచం మీద నన్ను చూసి ఒక్కమాట అడిగాడు.

"పోయి చిలుకమ్మకు ఏమని చెప్పాలె అన్నా?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.