ఈల వెయ్యని మనిషి

మా మామయ్య ముప్ఫై ఒక్కేళ్ళుగా ఒకే సినిమా హాల్లో పనిచేస్తున్నాడు. అయినా హీరో ఎవరో, హీరో తమ్ముడు ఎవరో పోస్టర్ చూసి చెప్పమంటే తెల్లమొహం వేస్తాడు. అతని పని కింది తరగతి ఎడమవైపు తలుపు దగ్గర. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి టార్చి వేసి సీటు చూపించాలి, ఇంటర్వెల్‌లో తలుపు తియ్యాలి, ఆట అయ్యాక మళ్ళీ తియ్యాలి. మిగతా సమయమంతా తెరకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడతాడు. టార్చి మామయ్య అనే పేరు అలాగే స్థిరపడింది. ఊళ్ళో వాళ్ళకి మామయ్య అయితే నాకు నిజం మామయ్య, మా అమ్మకి సొంత తమ్ముడు. పద్దెనిమిదేళ్ళ క్రితం నన్ను ఇదే హాల్లో టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టింది కూడా అతనే.

మొదటి రోజు మార్నింగ్ షో అవ్వగానే ఓనరుగారు మామయ్యని పిలిచి, "ఎన్నాళ్ళు?" అని అడుగుతారు. మామయ్య జనం మొహాలు చూసి చెప్పేస్తాడు. ఈలలు నమ్మడు. ఈలలు వేసేవాళ్ళు ట్రైలర్‌కి కూడా వేస్తారంటాడు. అతను వినేది దగ్గులు. కథ పట్టు తప్పితే జనానికి ముందు గొంతులో గరగర మొదలవుతుందట. ఒకడు దగ్గుతాడు, వాణ్ణి చూసి నలుగురు దగ్గుతారు, ఇక ఆ సినిమా పని అయిపోయినట్టే. తెరవైపు చూడకుండా సినిమాని తూచే మనిషని డిస్ట్రిబ్యూటర్లు కూడా చెప్పుకుంటారు. నేనూ దాన్ని గొప్ప విద్య అనుకుని నలుగురి దగ్గరా గొప్పలు పోయాను.

ఇక్కడే అసలు సంగతి చెప్పెయ్యాలి, లేకపోతే తర్వాతది మీకు అర్థం కాదు. ఇరవై రెండేళ్ళ క్రితం ఈ హాల్లో తొక్కిసలాట జరిగింది. హౌస్‌ఫుల్ రోజుల్లో పక్క తలుపులకి బయట తాళం వెయ్యడం అప్పట్లో అలవాటు. లోపలున్నవాడు తలుపు తీసి, టికెట్ లేని స్నేహితులని దొంగచాటుగా లాగేసుకుంటాడని. ఆ రోజు ఫ్యూజుల పెట్టెలోంచి పొగ వచ్చింది. మంట లేదు, ఉత్త పొగే. ఎవరో "నిప్పు" అని కేక వేశారు. జనం ఎడమ తలుపు మీద పడ్డారు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడొకడు నలిగి చచ్చిపోయాడు. విచారణలో మామయ్య, తలుపుకి తాళం లేదనీ, లోపలి గడియ మాత్రమే ఉందనీ, కంగారులో జనం దాన్ని తియ్యలేకపోయారనీ, చివరికి వాళ్ళే తీసుకుని బయటపడ్డారనీ, తను ముందు గేటు దగ్గర ఉన్నాననీ చెప్పాడు. తలుపు తెరుచుకోలేదని జనమంతా చెప్పారు గానీ ఎందుకు తెరుచుకోలేదో చీకట్లో ఎవరికీ తెలియలేదు. కేసు కొట్టేశారు. ఓనరుగారు మామయ్యకి జన్మంతా ఉద్యోగం ఖాయం చేశారు.

తాళం ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరం ఎత్తం. ఎత్తబోతే అమ్మ కళ్ళతోనే నోరు మూయించేది. అమ్మ పోయాక ఆ పని నేను తీసుకున్నాను.

చనిపోయిన కుర్రాడికి ఒక అక్క ఉంది. మా హాలుకి రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. మామయ్యకి చత్వారం వచ్చినప్పుడు ఊరికి ఆ చివరనున్న షాపుకి రెండు బస్సులు మారి వెళ్ళాడు. ఫ్రేము వదులై ముక్కు మీదికి జారిపోతే దారం కట్టుకున్నాడు గానీ ఆ వీధిలో అడుగు పెట్టలేదు.

ఇంతలో ఆ సినిమా వచ్చింది. కథ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నిప్పంటుకుంటుంది, గేటుకి తాళం ఉంటుంది, క్రేను నడిపే హీరో భార్య లోపలే పోతుంది. కోర్టు అందరినీ వదిలేస్తుంది. హీరో ఐదుగురి పేర్లు గోడ మీద రాసుకుని ఒక్కొక్కరినీ చంపుతాడు. మూడోవాడు గేటు వాచ్‌మన్. వాడు మోకాళ్ళ మీద పడి, "అన్నా, అసలేం జరిగిందంటే..." అంటాడు. అంతలోనే హీరో ఇనప రెంచీతో ఒక్కటి వేస్తాడు. ఇంటర్వెల్.

మొదటి రోజు ఆ దెబ్బకి హాలు పైకప్పు లేచిపోయినంత పనైంది. చింపిన కాగితాలు ఎగిరాయి, సీట్లెక్కి గంతులు వేశారు. రిటైరైన కోర్టు గుమస్తా ఒకాయన టీ కొట్టు దగ్గర నిలబడి, "ఎవడికి వాడు చంపుకుంటూ పోతే ఇక చట్టం దేనికయ్యా?" అని పాఠం చెప్పాడు. వాచ్‌మన్ పడినప్పుడు ముందుగా చప్పట్లు కొట్టింది తనేనని పక్కనున్న అల్లుడు గుర్తుచేస్తే, "అది వేరు" అని టీ ఊదుకున్నాడు. ఆడవాళ్ళు కొందరు కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పెట్టుకుంటూనే, కొంగు సందులోంచి చూశారు. ఒకావిడ, "వాడికి అలాగే కావాలి" అంది. ఆ వెంటనే, "పాపం, ఎవరు చెబితే తాళం వేశాడో" అని కూడా తనే అంది. మనుషులు ఒక్క నోటితో రెండూ ఎలా అనగలరో ఆ వారమంతా విన్నాను.

దెబ్బ పడిన క్షణానికే లైట్లు వెలుగుతాయి, మామయ్య తలుపు తియ్యాలి. కుర్రకారు బయటికి వస్తూ, "మామా, తాళం గీళం వేసేవు, జాగ్రత్త!" అని వేళాకోళం ఆడారు. వాళ్ళలో సగంమంది ఆ తొక్కిసలాటనాటికి పుట్టనే లేదు. మామయ్య నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు వాళ్ళ చెంపలు పగలగొట్టాలనిపించింది. ఓనరుగారు ఎన్నాళ్ళని అడిగితే, "ఒక్క దగ్గు కూడా లేదండీ" అన్నాడు, అంతే.

రెండో రోజు మార్నింగ్ షోకి నా కిటికీ ముందుకి కళ్ళజోళ్ళ షాపావిడ వచ్చింది.

"ఎడమ తలుపు పక్క సీటు కావాలండీ" అంది.

"అవి అయిపోయాయండీ" అన్నాను.

ఆవిడ అద్దం మీదికి వంగి నా ముందున్న కంప్యూటర్ తెర వైపు వేలు చూపించింది. "పచ్చగా ఉన్నవి ఖాళీవే కదా?"

దొంగలా దొరికిపోయి టికెట్ ఇచ్చాను. కిటికీ మూసేసి మామయ్య దగ్గరికి పరిగెత్తాను. "ఈ పూట బాల్కనీ తలుపుకి మారిపో" అన్నాను. "ఎందుకే, రానీ" అన్నాడు. చేతిలో టార్చి మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఆ రోజు వచ్చింది. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అదే సీటు. నేను లోపలికి వెళ్ళి గోడ పక్కన నిలబడి చూశాను. వాచ్‌మన్ చచ్చినప్పుడు హాలంతా ఈలలు, ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇంటర్వెల్‌లో బయటికి రాదు, టీ తాగదు, మామయ్య వైపు చూస్తుంది. రెండోసగం మొదలవ్వగానే లేచి వెళ్ళిపోతుంది.

ఆవిడ వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ మామయ్య, "అడిగితే చెప్పేస్తానే" అన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. "ఏం చెప్తావ్? ఈ వయసులో జైలుకెళ్తావా? ఓనరుగారు నిన్ను వదులుతారా, నన్ను ఉంచుతారా? ఇన్నేళ్ళు నోరు మూసుకున్నవాడివి, ఇంకొన్నాళ్ళు మూసుకో." అతను ఇంకో ముద్ద కలుపుకుని తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు. నాకు జాలి వేసింది. ఉద్యోగం పోతుందన్న భయం అంతకంటే ఎక్కువ వేసింది.

ఆవిడ వచ్చిన నాలుగో రోజు ఇంటర్వెల్. జనం బయటికి పోయారు. ఆవిడ సీట్లోనే ఉంది. మామయ్య తలుపు వదిలి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆపుదామని నేనూ వెనకే వెళ్ళాను.

"నీళ్ళేమన్నా తెప్పించనా అమ్మా?" అన్నాడు.

"వద్దండీ. మిమ్మల్ని ఒకటి అడుగుదామని" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, షాపులో అద్దం నంబరు అడిగినట్టే అడిగింది. "ఆ వాచ్‌మన్ 'అసలేం జరిగిందంటే' అంటాడు. చెప్పనివ్వకుండా కొట్టేస్తాడు. మూడు రోజులు చూశాను, ఇవాళా చూశాను. అందరూ ఈలలు వేస్తున్నారు. నాకు మాత్రం వాణ్ణి ఇంకో రెండు నిమిషాలు బతకనిస్తే బావుండు అనిపిస్తోంది. వాడేం చెప్తాడో వినాలని. సినిమాలో ఎలాగూ వినలేను. మీరు బతికే ఉన్నారు కదా, చెప్పండి."

"అంతా కోర్టులో చెప్పాడు కదండీ" అన్నాను నేను మధ్యలో దూరి.

"కోర్టులో చెప్పింది చదువుకున్నానమ్మా. ఇప్పుడు మీ మామయ్యని అడుగుతున్నాను."

మామయ్య పక్క సీటు వాల్చుకుని కూర్చున్నాడు. పనిలో ఉండగా అతను సీట్లో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"తాళం నేనే వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది" అన్నాడు. "ఆ తలుపు దగ్గరే ఉండాలి నేను. కానీ క్లైమాక్సు బావుంది, బావుందని వారం నుంచీ అందరూ అంటుంటే, వెనక గోడకి ఆనుకుని సినిమా చూస్తున్నాను. ముందు వరసల్లో కేకలు మొదలయ్యాయి. నచ్చి అరుస్తున్నారనుకున్నాను. మొదటి వారం జనం అలాగే అరుస్తారు కదా. ఇంకా గట్టిగా అరిచారు. వందరోజులు ఆడుతుందనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. పొగ నా దాకా వచ్చాక తెలిసింది."

అతను తెరకి వీపు పెట్టి నిలబడేది విద్యేమీ కాదు. ఇన్నేళ్ళూ దాన్ని నేను ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. ఆ పక్కనే కూర్చుని టికెట్లు చింపి ఇస్తూ, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

"హాలు చుట్టూ తిరిగి పరిగెత్తాను. కంగారులో తాళంచెవి కిందపడింది. తలుపు తీసేసరికి మీ తమ్ముడు నా మీదే పడ్డాడు."

"ప్రాణంతోనా?" అంది ఆవిడ.

"ఉన్నాడమ్మా. మెట్టు మీద కూర్చోబెట్టాను. మాట్లాడాడు."

ఆవిడ ముందు సీటు వీపు పట్టుకుంది. "మాట్లాడాడని ఎవరూ చెప్పలేదే!"

"ఎలా చెప్తానమ్మా? తలుపు జనమే తీసుకున్నారనీ, నేను అక్కడ లేననీ చెప్పానుగా. మాట్లాడాడంటే నేను అక్కడ ఉన్నట్టే కదా."

"ఏమన్నాడు?"

మామయ్య టార్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. పిల్లలు పాప్‌కార్న్ పొట్లాలతో లోపలికి వస్తున్నారు. "'చెప్పొకటి లోపల పోయింది అన్నా, వెతికిపెట్టవా, అక్క చంపేస్తుంది' అన్నాడు. అంతే. తర్వాత తల వాల్చేశాడు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే విరిగిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నిజమే చెప్తున్నారు" అంది. "కొత్త చెప్పులు. పోగొట్టుకొచ్చావంటే చంపేస్తానని ఆ పొద్దున గుమ్మంలో నేనే అన్నాను. వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు ఆ మాట. ఒంటి చెప్పుతో ఇచ్చారు మాకు వాణ్ణి." మామయ్య వైపు తిరిగి అడిగింది. "వెతికారా?"

"ఆ సాయంత్రమే దొరికింది. తెచ్చివ్వాలంటే తాళం సంగతి చెప్పాలి కదమ్మా. ఇంట్లో దాచేశాను."

లైట్లు ఆరాయి. రెండోసగం మొదలైంది. తెర వెలుగులో ఆవిడ లేచి నిలబడింది.

"ముందు వాడి చెప్పు ఇవ్వండి. మిగతాది పోలీసులకి మీరే చెప్తారో, నన్ను చెప్పమంటారో తర్వాత చూద్దాం."

"నేనే చెప్తానమ్మా" అన్నాడు మామయ్య.

వద్దనాలని నా నోటిదాకా వచ్చింది. అనలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఎదురుచూసింది ఎవరో చావాలని కాదు, తమ్ముడి ఆఖరి మాట కోసం. అది మా ఇంట్లో ఉంది. బయటికి రాకుండా కాపలా కాసింది నేను.

తెర మీద నాలుగోవాడి వంతు వచ్చినట్టుంది, హాలంతా ఈలలు మొదలయ్యాయి. వాళ్ళిద్దరూ ఆ గోలలోనే నడుచుకుంటూ బయటికి వెళ్ళారు. మామయ్య వెనక్కి తిరిగి చూడలేదు. నేను కూడా ఆగమని పిలవలేదు.