తోట నంబరు

ఉద్దానానికి తుపానులు సముద్రం మీంచి వస్తాయి. మా తోటకు మాత్రం ఒకసారి బోర్డు మీంచి వచ్చింది. ఆ బోర్డు రాయించిన తెలివైనవాణ్ని నేనే.

నాలుగేళ్ల క్రితం వజ్రపుకొత్తూరు దగ్గర మా తోటలో బోరు మోటారుకు సిమ్ కార్డు స్టార్టరు పెట్టించాను. ఒక రింగిస్తే ఆన్, ఇంకో రింగిస్తే ఆఫ్. "మీ ఫోన్లకే పలికేలా నంబర్లు ఎక్కించుకోండి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు 1234 మార్చుకోండి" అన్నాడు బిగించినతను. "నా మోటారుకు ఎవరు ఫోన్ చేస్తారయ్యా!" అని నవ్వేశాను. ఆ స్టార్టరు సిమ్ నంబరును ఫోన్లో 'తోట' అని దాచుకున్నాను.

వారం తిరక్కుండా 'కొబ్బరికాయలు అమ్మబడును' అని బోర్డు రాయిస్తున్నాను. పెయింటరు నిచ్చెన మీంచి అడిగాడు.

"బాబూ, తోట నంబరు సెప్పండి."

'తోట' అని వెతికి, గొంతెత్తి చదివాను. ఒక్క అంకె తప్పు పోలేదు, అదే నా ఖర్మ.

మర్నాడు నేను టెక్కలిలో పెళ్లిభోజనం చేస్తున్నాను. ఆ ఏటి జీడిపిక్కలన్నీ మోటారు పక్కనే ఎండుతున్నాయి. పొద్దున బోర్డు చూసి వెళ్లిన సోంపేట వ్యాపారి అప్పలస్వామి ఆ నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాడట. ఆన్, ఆఫ్, ఆన్! నాలుగోది కూడా కొట్టుంటే బాగుండేది. పాపం, ఓపిక మూడింటికే అయిపోయి బండేసుకుని తనే వచ్చాడు.

నేను కిళ్లీ నములుతూ వచ్చేసరికి ఆయనా, మా ఆవిడా మోకాళ్ల దాకా బురదతో పిక్కలు పాకలోకి మోస్తున్నారు.

"ఫోనెత్తరేటి బాబూ? ఈడకొచ్చి మల్లీ కొడితే మోటారాగిపోనాది! ఇంకోపాలి కొడితే ఆడిపోనాది! ఓలమ్మ, ఇది మనిసి నంబరు కాదని అప్పుడు తెలిసినాది. మల్లీ కొట్టి ఆపీసి, మీ ఆవిడ్ని కేకేసినాను."

"ఇంటి తాళంసెవి కూడా ఆ బోర్డుకే ఏలాడదీయకపోయారా!" అంది మా ఆవిడ.

అడుగున నాలుగు గంపలు తడిశాయి. మిగతావన్నీ దక్కాయి. ఆయన విసుక్కుని వేరే తోటకు వెళ్లిపోయుంటే ఆ ఏడు మా పొయ్యి వెలగడం కష్టమే. బేరానికొచ్చిన మనిషి బేరం మాటే ఎత్తకుండా మా బురదలో దిగాడు. చేతులు జోడించాను, నోట్లో కిళ్లీతోనే.

ఆ సాయంత్రమే 1234 మార్చి, మూడు నంబర్లు ఎక్కించాను. నాది, మా ఆవిడది, అప్పలస్వామిది.

"నాదెందుకు బాబూ?"

"నా తెలివి మళ్లీ ఆన్ అయితే ఆపడానికి."

మోటారు మీద చెయ్యేసి ప్రమాణం కూడా చేశాను. ఇకమీదట ఎవరు ఏ నంబరు అడిగినా, అవతల ఉన్నదానికి నోరుందో లేదో చూసుకునే చెబుతాను.