మీ నాన్న రేపు ఎక్కడికి వెళ్తాడు?

ఈమధ్య కర్నూలులో మా వీధి చివర స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేవాళ్లు వెలిశారు. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడల్లా, రేపు నేను ఫలానా ఊరికి వెళ్తాను, ఎల్లుండి మా అన్న ఫలానా చోటికి వెళ్తాడు అంటూ పిల్లలంతా ఇంగ్లీషులో గొంతెత్తి వల్లించడం కిటికీలోంచి వినబడుతుంది. పత్రికల్లో ఒక జీవితకాలం పనిచేసి వినరానివెన్నో విన్నవాణ్ణే గానీ, ఆ వల్లింపు చెవిన పడితే ఇప్పటికీ నా అడుగు తడబడుతుంది.

మాది కమలాపురం దగ్గర ఒక మెట్ట పల్లె. నా చిన్నతనంలో ఊరు రెండు వర్గాలుగా చీలి ఉండేది, అందులో ఒకదానికి మా నాన్న ముందుండే మనిషి. అలాంటి ఇళ్లలో పెరిగిన నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, రేపు ఏ ఊరికి, ఏ దారిన పోయేదీ మగవాళ్లు పైకి అనేవారు కాదు, పిల్లలం అడిగేవాళ్లమూ కాదు. "రేపటి మాట నోట్లోనే ఉండనీ నాయనా, గోడలకు సెవులుండాయి" అని అమ్మ అన్నం కలుపుతూ చెప్పేది.

ఒక ఏడు మా బడికి కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మాస్టారు, మంచివారే, పాపం ఊరి సంగతి తెలియదు, భవిష్యత్కాలం మొదలుపెట్టి, మీ నాన్న రేపు ఎక్కడికి వెళ్తాడో ఇంగ్లీషులో చెప్పమని ఒక్కొక్కరినీ లేపారు. రెండు వర్గాల పిల్లలమూ ఆ గదిలోనే ఉన్నాం. మొదటివాడు తల దించుకున్నాడు, రెండోవాడు కడుపునొప్పి అన్నాడు, నా వంతు వచ్చేసరికి మాస్టారికి కోపం ముదిరింది.

"ఏరా, మీ నాన్నేమైనా మంత్రిగారా, ప్రయాణం రహస్యంగా ఉంచడానికి?"

ఒక్కరూ నవ్వలేదు. వెనక బెంచీలో అవతలి వర్గం నాయకుడి కొడుకు పెన్సిలు చెక్కడం ఆపి నన్నే చూస్తున్నాడు. నాన్న మర్నాడు ఎర్రగుంట్లకు పోతున్నట్టు అమ్మతో గొణగడం నేను విన్నాను. బెత్తం పైకి లేచింది. మా నాన్న రేపు కమలాపురం వెళ్తాడని ఇంగ్లీషులో అన్నాను. మాస్టారు భేషని మెచ్చుకుని, ఆ వాక్యాన్నే తరగతి మొత్తం చేత గట్టిగా పలికించారు.

మర్నాడు నాన్న బయలుదేరాక నేను వాకిలి వదల్లేదు. సాయంత్రం ఆయన క్షేమంగానే వచ్చాడు. ఆయన వెనకే మా గొర్రెల కాపరి వచ్చి, కమలాపురం దారిలో కల్వర్టు కింద పొద్దున్నుంచీ మనుషులు నక్కి కూర్చున్నారని చెప్పాడు.

"నేను ఆ దిక్కే పోలేదే! ఈ మాట యాడ పుట్టినాది?" అన్నాడు నాన్న. నేను జరిగిందంతా చెప్పాను. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, "బిడ్డ నోరే నిన్ను కాపాడినాది" అంది.

"ఈసారి కాపాడినాదిలే" అన్నాడు నాన్న.

ఆ వారంలోనే, తెల్లవారకముందు నన్ను లేపి, కర్నూలు తీసుకొచ్చి హాస్టల్లో చేర్చాడు. దారంతా, యాడికి పోతాండామని నేను అడగలేదు.

ఇప్పుడు మా ఊరు చల్లబడింది. అవతలివాళ్లూ మేమూ ఒకరి పెళ్లికి ఒకరం పోతున్నాం. నేటి పిల్లలు బస్సెక్కకముందే తమ దారిని ఫోనులో లోకమంతటికీ చాటుతున్నారు, చాటనీ, వాళ్ల అదృష్టం. మా నాన్న మాత్రం బతికినంతకాలం నేను సెలవులకు ఎప్పుడు వస్తానో అడగలేదు, నేనూ చెప్పి పోలేదు. నేను వాకిట్లో నిలబడిన ప్రతిసారీ ముందు ఆయన చెయ్యి పక్కనున్న కట్టెను వెతికేది, ఆ తరువాతే నన్ను గుర్తుపట్టేవాడు.