రెండో పళ్ళెం

ఎడారిలో సరిహద్దు కంచెను ఆనుకున్న ఎల్ సాలితో అనే అమెరికా పల్లెలో ప్రతి ఇంటికీ అవతల మెక్సికోలో ఒక చుట్టం, ఇవతల గస్తీ యూనిఫాంలో ఒక చుట్టం ఉంటారు. యులాలియాకి అవతల తమ్ముడు, ఇవతల అక్క కొడుకు నెస్తోర్. పొద్దున్నే రొట్టెలు కాల్చి ఆమె రెండు పళ్ళేలు పెడుతుంది: ఒకటి తనకి, రెండోది పోయిన మొగుడికి. ఆ రెండోదాన్ని ఎవరూ ముట్టరు. మధ్యాహ్నం కోళ్ళకి పోతుంది. మోకాళ్ళు పట్టేసినా సరే, కంచె దాటొచ్చేవాళ్ళ కోసం పెరటి గోడ మీద నీళ్ళ డబ్బా నింపందే కూర్చోదు.

ఆవేళ ఇసకలో అడుగుల జాడ పట్టుకుని నెస్తోర్ వంటింట్లోకి వచ్చాడు. "ఇంట్లో ఎంతమంది, పిన్నీ?"

"యూనిఫాం తొడగ్గానే కళ్ళు నెత్తికెక్కాయా? నేనొక్కదాన్నే!" నెస్తోర్ బల్లకేసి చూశాడు. రెండో పళ్ళెంలో రొట్టె సగం కొరికి ఉంది. పక్కగది తలుపు వెనక ఎవరో దగ్గు మింగారు. పెనం మీద రొట్టె మాడుతున్నా ఆమె కదల్లేదు.

"ఎవరన్నా ఉన్నారా?" జీపులోంచి తోటి గస్తీవాడు అరిచాడు.

నెస్తోర్ టోపీ తీసి, బాబాయి కుర్చీలో కూర్చుని, ఆ మిగిలిన సగం నోట్లో కుక్కుకున్నాడు. "మా పిన్ని తినందే వదలట్లేదు, వస్తున్నా!" అని కేకేసి లేచాడు. గుమ్మం దగ్గర గొంతు తగ్గించాడు.

"బాబాయికి ఇవాళ ఆకలి ఎక్కువున్నట్టుంది పిన్నీ, ఇంకోటి వెయ్యి."